సాక్షి అన్న మాట

మొన్న మా వీధిలో రోడ్డు వేస్తామని ఒక టిప్పరు మా గేటు పక్కనే కంకర కుప్ప పోసి వెళ్ళింది. రెండు రోజులు జగ్గయ్యపేట ఎండకు కాగిన ఆ రాళ్ళ మీద సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. కిటికీ దగ్గర కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను. తడిసిన రాతిపొడి వాసన, సున్నమూ మట్టీ కలిసినట్టుండే వాసన, గదిలోకి వచ్చింది. చేతిలో చాట అలాగే ఉండిపోయింది. పాతికేళ్ళకు పైమాటే, ఒక కోర్టు హాల్లో వెనక బెంచీ మీద వచ్చి కూర్చునే కోటమ్మ అనే ఆవిడ పక్కనుంచి వెళితే ఇదే వాసన వచ్చేది. కోటమ్మ గుర్తొచ్చాక పరాంకుశం గారు గుర్తు రాకుండా ఉండరు. ఆయన్ని ఎరగనివాళ్ళకు ఆయన సంగతి ఒకసారి చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. ఆయన్ని గురించి చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. అందుకే ఇంతకాలం పట్టింది.

మాది జగ్గయ్యపేట. నాన్న లారీ డ్రైవరు. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగం చేయడం నాతోనే మొదలు. ఇంటర్ అయ్యాక బస్టాండు దగ్గరి ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాను. తొంభైల మొదట్లో కోర్టులో స్టెనోగ్రాఫరుగా చేరాను. జగ్గయ్యపేట, నందిగామల మధ్య బస్సుల్లో తిరుగుతూ, ఆ చుట్టుపక్కల పనిచేసిన కోర్టులు మూడో నాలుగో ఉన్నాయి. ఈ సంగతి వాటిలో ఎక్కడ జరిగిందో రాయను. అప్పటివాళ్ళు ఇంకా ఉన్నారు. మనుషుల పేర్లు కూడా మార్చాను, నా పేరు తప్ప.

పరాంకుశం గారు మా కోర్టుకు మెజిస్ట్రేటుగా వచ్చేనాటికి ఆయనకు నలభై ఐదు దాటి ఉంటాయి. గోదావరి అవతలి మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం హాలు చివరిదాకా వినపడేది. వచ్చిన రోజున ఆయన తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చోలేదు. హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూశారు. వెనక వైపున్న రెండు రెక్కల తలుపులో ఒక రెక్క ఎప్పుడూ గడియ వేసి ఉండేది. దాని ముందు విరిగిన కుర్చీలు పేర్చి ఉండేవి. "ఈ రెక్క ఎందుకు మూశారు?" అని అడిగారు. మా బెంచి క్లర్కు శేషయ్య గారు, "ముందునుంచీ అంతేనండి. తీస్తే జనం ఎక్కువొచ్చి గోల చేస్తారు" అన్నారు. "జనం వచ్చి వింటారనే గదండీ ఇంత హాలు కట్టింది" అని ఆయన అప్పటికప్పుడు కుర్చీలు తీయించారు. ఆ తర్వాత ఆ రెక్క మూయనివ్వలేదు. వేసవిలో వడగాలి నేరుగా నా టైపు బల్ల మీదికే కొట్టేది. కాగితాలు ఎగిరిపోతున్నాయని ఒకరోజు విసుక్కున్నాను. "కాగితం ఎగిరితే ఏరుకోవచ్చు లెండి" అన్నారు నవ్వి. ఏరుకోలేనిది ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

కోర్టు పని తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. బోనులో నిలబడిన మనిషి చెప్పేది నేను షార్ట్‌హ్యాండ్‌లో తీసుకుంటాను. తర్వాత టైపు చేస్తాను. దాన్ని ఆ సాక్షికి చదివి వినిపించి, సరిగ్గా ఉందంటే సంతకమో వేలిముద్రో తీసుకుంటారు, కింద జడ్జి గారు సంతకం పెడతారు. ఆ కాగితమే వాంగ్మూలం. తర్వాత ఎవరు ఏమన్నా, ఏ పై కోర్టుకు వెళ్ళినా, ఆ మనిషి చెప్పింది ఆ కాగితంలో ఉన్నంతే. చాలాచోట్ల ఈ చదివి వినిపించడం పేరుకే ఉండేది. పరాంకుశం గారు మాత్రం ప్రతి వాంగ్మూలం హాల్లో అందరి ముందూ నా చేత గట్టిగా చదివించేవారు.

ఆయన వచ్చిన కొత్తలోనే చందర్లపాడు వైపునుంచి ఒక ముసలాయన సాక్ష్యానికి వచ్చాడు. పక్కవాళ్ళ గేదె తన చేలో పడిందని తగువు. నేను టైపు చేసింది చదివాను: "సదరు పశువు వలన నా పంటకు నష్టం వాటిల్లినది." ముసలాయన చేయి అడ్డం పెట్టాడు. "వాటిల్లడం అంటే ఏందమ్మా? నేనా మాట అనలేదే" అన్నాడు. హాల్లో అందరూ నవ్వారు. నాకు ముఖం ఎర్రబడింది. పరాంకుశం గారు నవ్వలేదు. "మీరేమన్నారు పెద్దాయనా?" అని అడిగారు. "మిరప నారుమడి తొక్కిపోసిందన్నానండి. పంట ఎక్కడుంది? నారు పోతే ఇంక పంటే లేదు గదండి" అన్నాడు ఆయన. జడ్జి గారు నా వైపు తిరిగి, "విన్నారుగా జరీనా గారూ. నారు వేరు, పంట వేరు. సాక్షి అన్న మాట రాయండి, మనం అనిపించాలనుకున్న మాట కాదు" అన్నారు. అందరి ముందూ అన్నందుకు ఆ రోజంతా ఆయన మీద కోపంగా ఉన్నాను. నాకు మంచి తెలుగు వచ్చునని, పల్లెటూరి మాటను కాగితానికి తగినట్టు దిద్దుతానని నాకు లోలోపల గర్వం ఉండేది. ఆ గర్వం అప్పటికి కాస్త వంగిందే గాని విరగలేదు.

కోపం ఎంతోకాలం నిలిచేది కాదు. మధ్యాహ్నం ఆయన తన గదిలో ఒక్కరే తినేవారు కాదు. వెనక వరండాలో మా అందరితో కూర్చుని క్యారేజి విప్పేవారు. ఇంటి నుంచి వచ్చిన మాగాయ ఊరగాయ అందరికీ పంచేవారు. రంజాన్ నెలలో నేను తినకుండా కూర్చుంటే, ఆ నెలంతా వరండాకు రాకుండా గదిలోనే తిన్నారు. ఎందుకో చెప్పలేదు, పండగ వెళ్ళాక మళ్ళీ క్యారేజి పట్టుకుని వచ్చి కూర్చున్నారు. అలాంటి మనిషి.

ఇక ఆ కేసు. జగ్గయ్యపేటలో వెంకటప్పయ్య గారని ఒక చిన్న ప్రెస్సు నడిపేవారు ఉండేవారు. కాలితో తొక్కే పాత మిషను మీద శుభలేఖలు, బిల్లు పుస్తకాలు అచ్చువేసేవారు. అప్పుడప్పుడు ఊరి సంగతులు కరపత్రాలుగా వేసి బస్టాండులో పంచేవారు. దగ్గర్లో ఉన్న ఒక కంకర క్వారీలో మందు పేలుస్తుంటే రాయి తగిలి ఒక కూలీ చనిపోయాడు. కోటమ్మ అతని భార్య, ఆవిడా అదే క్వారీలో కూలీ. మందు పేల్చేముందు విజిల్ వేసి మనుషుల్ని దూరం పంపడం పద్ధతి. విజిల్ వేశాం, తాగి ఉండి అతనే కదల్లేదు అన్నారు క్వారీవాళ్ళు. విజిల్ వేయలేదు, నిర్లక్ష్యం వల్లే మనిషి పోయాడు అని వెంకటప్పయ్య గారు కరపత్రం వేశారు. క్వారీ యజమాని ఆయన మీద పరువునష్టం కేసు పెట్టాడు. నేరం రుజువైతే జైలు కూడా పడవచ్చు.

క్వారీ యజమానికి ఎదురు నిలవడానికి మా బార్‌లో ఏ ప్లీడరూ ముందుకు రాలేదు. "లాయరును పెట్టుకోలేకపోతే కోర్టే ఒకర్ని ఏర్పాటు చేస్తుంది" అని పరాంకుశం గారు చెప్పారు. వెంకటప్పయ్య గారు చేతులు కట్టుకుని, "వద్దండి. రాసింది నేను. అడగాల్సింది నేనే అడుగుతా" అన్నారు. మిషను మోతకు ఆయనకు చెవులు కొంచెం మందం. అది గమనించి జడ్జి గారు ఆయన్ని వెనక నుంచి పిలిపించి సాక్షి బోనుకు దగ్గరగా స్టూలు వేయించారు. ప్రతి ప్రశ్నా, ప్రతి జవాబూ ఆయనకు వినపడిందో లేదో అడిగి ముందుకు వెళ్ళేవారు. క్వారీ తరఫు ప్లీడరు గారికి అది చికాకు. ఒక వాయిదాకు కోటమ్మతో పాటు పదిహేనుమంది క్వారీ కూలీలు వచ్చి వెనక నిలబడ్డారు. ప్లీడరు గారు లేచి, "మా సాక్షులు భయపడుతున్నారండి. హాలు ఖాళీ చేయించాలి" అన్నారు. పరాంకుశం గారు కోటమ్మ వైపు చూశారు. "ఏమ్మా, నువ్వెందుకొచ్చావు?" కోటమ్మ లేచి నిలబడి, "మా ఆయన ఎట్టా పోయాడో ఈడ చెబుతారంట గదయ్యా. ఇందామని వచ్చా" అంది. ఆయన ప్లీడరు గారితో, "ఎవరైనా నోరెత్తి బెదిరిస్తే వాళ్ళని పంపిస్తాను. వినడానికి వచ్చినవాళ్ళని పంపించడానికి నాకు కారణం కనపడలేదు. కానివ్వండి" అన్నారు.

తర్వాతి వాయిదాకు క్వారీ మేస్త్రి బోనెక్కాడు. వెంకటప్పయ్య గారు మధ్యాహ్నం నుంచి అతనికి ప్రశ్నలు వేస్తున్నారు. కరెంటు లేదు. పరాంకుశం గారికి జ్వరం, ముఖం కందిపోయి ఉంది, అయినా కూర్చున్నారు. నాలుగున్నర ప్రాంతంలో వెంకటప్పయ్య గారు, "ఆ పూట విజిల్ వేశారా?" అని అడిగారు. మేస్త్రి, "వేసే మనిషి ఆ రోజు రాలేదండి" అన్నాడు. వెంటనే ప్లీడరు గారు లేచి అభ్యంతరం అన్నారు, ఏదో వాదన జరిగింది, జడ్జి గారు ప్రశ్న సరైనదేనన్నారు. ఈలోగా మేస్త్రి తేరుకుని, "విజిల్ వేయడం మా క్వారీలో ఆనవాయితీ అండి" అన్నాడు. ఆ తర్వాత ప్రశ్నలు వేరే దారిన పోయాయి.

ఆ రోజు వాంగ్మూలం చదివి వినిపించేలోపే పరాంకుశం గారు జ్వరంతో ఇంటికి వెళ్ళాల్సివచ్చింది. రేపు పొద్దున అందరినీ రమ్మని, చదివి వినిపించాకే సంతకం తీసుకోమని నాకు చెప్పారు. నేను కూర్చుని టైపు చేశాను. విజిల్ దగ్గరికి వచ్చేసరికి రెండు జవాబులున్నాయి. మధ్యలో వాదన ఉంది. రెండో జవాబు నిండుగా, వాక్యంలా ఉంది. మొదటిది తడబాటులా అనిపించింది. మనిషి తన మాట తానే సరిచేసుకున్నాడు గదా అనుకున్నాను. మొదటి జవాబు వదిలేసి రెండోది టైపు చేశాను. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ ఆశ చూపలేదు. కాగితం శుభ్రంగా ఉండాలనుకున్నాను, అంతే. మేస్త్రి వరండాలోకి వచ్చి, వీరులపాడులో చావు కబురు ఉంది, పొద్దున రాలేనన్నాడు. చదవకుండానే సంతకం తీసుకున్నాను. మర్నాడు జ్వరంతోనే వచ్చిన పరాంకుశం గారు, "చదివారా?" అని అడిగారు. "అయిపోయిందండి" అన్నాను. సంతకం అయిపోయిందని నా ఉద్దేశం. చదవడం అయిపోయిందని ఆయన అనుకున్నారు. నేను దిద్దలేదు. ఆయన సంతకం పెట్టారు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం నేను బస్సు దిగి కోర్టు దగ్గరికి వచ్చేసరికి ప్రహరీ గోడ మీద కరపత్రం అంటించి ఉంది. జనం గుంపుగా చదువుతున్నారు. వెంకటప్పయ్య గారు వాంగ్మూలం నకలు తీసుకుని చూసుకున్నారు. "కోర్టు హాల్లో వందమంది విన్న మాట కాగితం మీదికి రాలేదు. మధ్యలో దాన్ని మింగినవారెవరు? న్యాయం అమ్ముడుపోయింది" అని అచ్చువేశారు. మింగింది ఎవరో ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు.

ఆ రోజు హాలు నిండిపోయింది. బార్ పెద్దలు నలుగురు లేచి, ఇది కోర్టును అవమానించడమేనని, హైకోర్టుకు రాసి ధిక్కారం కింద శిక్ష వేయించాలని గట్టిగా అడిగారు. పరాంకుశం గారు కరపత్రం తెప్పించుకుని మొత్తం చదివారు. మళ్ళీ ఇంకోసారి చదివారు. "ఇందులో రెండు మాటలున్నాయండి" అన్నారు. "సాక్షి చెప్పింది రాయలేదని ఒకటి. డబ్బు తిన్నామని రెండోది. రెండోది అబద్ధమని నా మటుకు నాకు తెలుసు. మొదటిది అబద్ధమో నిజమో నాకింకా తెలియదు. నిజమైతే ఆయన చెప్పక ఇంకెవరు చెబుతారు? ముందు అది తేలనివ్వండి." ఒక పెద్ద ప్లీడరు, "జనంలో కోర్టు పరువేం కావాలండీ?" అన్నారు. "తప్పు లేకపోతే పరువుకు ఈ కాగితం వల్ల వచ్చే నష్టం లేదు. తప్పు ఉంటే, కాగితం చించినా నష్టం పోదు" అని ఆయన నా వైపు తిరిగి, "జరీనా గారూ, ఆ రోజు షార్ట్‌హ్యాండ్ పుస్తకం మధ్యాహ్నం హాల్లోకి తీసుకురండి" అన్నారు.

భోజనాల గంటలో రికార్డు గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఆ పుస్తకం తెరిచాను. గీతలు స్పష్టంగా ఉన్నాయి: వేసే మనిషి ఆ రోజు రాలేదండి. మా కోర్టులో షార్ట్‌హ్యాండ్ చదవగలిగింది నేనొక్కదాన్నే. పేజీ చించనక్కర్లేదు, దాయనక్కర్లేదు. మధ్యాహ్నం పుస్తకం తెరిచి నేను ఏది చదివితే అదే అక్కడున్నట్టు. ఆ సంగతి తోచినప్పుడు నాకు కలిగింది ఊరట అని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత, ఆ రోజు మేస్త్రి జవాబు విన్నప్పుడు వెనక బెంచీ మీద కోటమ్మ చేసిన పని గుర్తొచ్చింది. ఆవిడ ఏడవలేదు, పక్కనున్న మనిషి చేయి పట్టుకుని "ఇన్నావా?" అంది. ఆవిడ విన్నదాన్ని నేను లేకుండా చేశాను.

లేచి పరాంకుశం గారి గదికి వెళ్ళాను. "సార్, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఇక్కడ చెప్పకండి. గదిలో మీరూ నేనూ మాట్లాడుకున్నాక అక్కడ మీరేం చెప్పినా, ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు. అనడంలో తప్పు కూడా ఉండదు. చెప్పాల్సింది వాళ్ళందరి ముందూ చెప్పండి." నేను కదల్లేదు. "భయంగా ఉందండి" అన్నాను. "ఉంటుందమ్మా" అన్నారు ఆయన. ఎప్పుడూ గారూ అని పిలిచే మనిషి అమ్మా అనడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం హాల్లో నిలబడి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. మొదటి జవాబు టైపు చేయలేదని, సాక్షికి చదివి వినిపించలేదని చెప్పాను. వెంకటప్పయ్య గారికి వినపడలేదు, జడ్జి గారు మళ్ళీ చదవమన్నారు. రెండోసారి చదివాను. ఆయన నన్నేమీ అనలేదు. "స్టెనో గారు ఒక జవాబు వదిలేశారు. నేను కళ్ళారా చూడకుండా, చెవులారా వినకుండా సంతకం పెట్టాను. ఇందులో రెండోదే పెద్ద తప్పు" అని అదే మాట రికార్డులో రాయించారు. నా చేతే టైపు చేయించారు. తర్వాత వెంకటప్పయ్య గారిని అడిగారు: "మీ మొదటి మాట నిజమే. రెండోదానికి మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా?" వెంకటప్పయ్య గారు తల వంచుకుని, "లేదండి. కోపంలో వేశా" అన్నారు. "ఈసారి వేసేముందు అడగండి. అడిగితే చెబుతాం" అన్నారు, అంతే. ఆయన మీద హైకోర్టుకు రాయలేదు. కేసు మాత్రం తన దగ్గర ఉంచుకోలేదు. "మేస్త్రి మాట నేను స్వయంగా విన్నాను. నన్ను ఈయన తిట్టారు. ఇక నేను ఎటు తీర్పు చెప్పినా ఒకరికి అనుమానం మిగులుతుంది" అని, వేరే కోర్టుకు మార్చమని జిల్లా జడ్జి గారికి రాశారు. ఆ ఉత్తరంలో తన తప్పు కూడా వివరంగా రాసుకున్నారని శేషయ్య గారు తర్వాత చెప్పారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పాను. ఉద్యోగం పోతుందేమోనని అమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం, "బండి తగిలినప్పుడు ఆపాలమ్మా. ఆపకుండా పోతే అది వేరే తప్పు. నువ్వు ఆపావు, పోనీ" అన్నాడు.

రెండో కోర్టులో మేస్త్రిని మళ్ళీ పిలిచారు. ఆ మాట నేను అననేలేదు పొమ్మన్నాడు. దాంతో నన్ను సాక్షిగా పిలిచారు. ఎన్నో ఏళ్ళు బోను పక్కన కూర్చున్నదాన్ని, బోనెక్కడం అదే మొదటిసారి. బోను కర్ర పట్టుకుంటే అరిగి నున్నగా ఉంది. క్వారీ ప్లీడరు గారు గంటసేపు అడిగారు. "మీ అక్క పెళ్ళి శుభలేఖలు ఈ వెంకటప్పయ్య ప్రెస్సులోనే వేయించారా?" అన్నారు. "వేయించామండి. ఊళ్ళో సగంమంది అక్కడే వేయిస్తారు. మీ అబ్బాయివి కూడా అక్కడే వేశారు" అన్నాను. హాల్లో నవ్వులు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

చివరికి అక్కడి స్టెనో నా వాంగ్మూలం నాకు చదివి వినిపించాడు. "మొదటి జవాబును పొరపాటున వదిలివేసితిని" అని ఉంది. మంచి మనిషి, నాకు మేలు చేద్దామనే రాసి ఉంటాడు. పొరపాటున అంటే చిన్న మందలింపుతో పోతుంది, లేదా అదీ ఉండదు. సరిగ్గా ఉందంటే చాలు. అతను పెన్ను అందించాడు. నేను పుచ్చుకోలేదు. "అండీ, పొరపాటున అని నేననలేదు. అక్కర్లేదనుకుని వదిలేశానన్నాను" అన్నాను. అక్కడి జడ్జి గారు తలెత్తి, "తేడా మీకు తెలుసుగా?" అని అడిగారు. "తెలుసండి" అన్నాను. దిద్దారు. సంతకం పెట్టాను. దిగుతుంటే వెనక బెంచీ మీద కోటమ్మ ఉంది. నన్ను చూసి తల పంకించలేదు, నవ్వలేదు. కొంచెం జరిగి పక్కన చోటిచ్చింది. వెళ్ళి కూర్చున్నాను.

వెంకటప్పయ్య గారి మీద కేసు కొట్టేశారు. జనానికి తెలియాల్సిన సంగతి, మంచి ఉద్దేశంతో, విచారించి రాశారని తీర్పులో అన్నారు. ఆ తీర్పు నకలు పట్టుకుని కోటమ్మ నష్టపరిహారం కోసం తిరిగింది, ఆలస్యంగానైనా వచ్చింది. నాకు శాఖాపరంగా మందలింపు వచ్చింది. సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశారు.

ఇవన్నీ జరుగుతున్న రోజుల్లోనే పరాంకుశం గారు ఒకరోజు క్యారేజి కడుక్కుంటూ, "నాకు షార్ట్‌హ్యాండ్ నేర్పుతారా?" అని అడిగారు. నేను ఎగతాళి అనుకున్నాను. "ఒక్కరికే చదవడం వచ్చిన కాగితం కోర్టులో ఉండకూడదండి. మీకూ అది బరువే" అన్నారు. నెలల తరబడి మధ్యాహ్నం అరగంట వరండాలో కూర్చుని చిన్నపిల్లాడిలా గీతలు దిద్దారు. షార్ట్‌హ్యాండ్‌లో సన్నగీత అయితే 'త', లావుగీత అయితే 'ద'; ఆ తేడా ఆయనకు ఎప్పటికీ కుదరలేదు. 'తండ్రి' అని రాస్తే 'దండ' అని చదవాల్సొచ్చేది. నేను గురువులా కోప్పడితే, "మళ్ళీ రాస్తా లెండి" అనేవారు. బదిలీ అయి వెళ్ళాక కొత్త ఊరి నుంచి నాకొక కార్డు రాశారు, మొత్తం షార్ట్‌హ్యాండ్‌లోనే. పోస్ట్‌మ్యాన్ ఇదేం భాషమ్మా అని అడిగాడు. రెండు గంటలు కుస్తీ పట్టి చదివాను. అందరూ క్షేమమని, మాగాయ అయిపోయిందని ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు ఆయన రిటైరై, నందిగామలో లెక్చరరుగా పనిచేసే కూతురి దగ్గరికి వచ్చి ఉన్నారని తెలిసింది. అప్పటికి నాకు ప్రమోషన్ సమయం. రిజిస్టరులోని మందలింపు అడ్డొస్తుందని, ఇన్నేళ్ళయింది గనక తీసేయమని అర్జీ పెట్టుకోవచ్చని ఆఫీసులో చెప్పారు. అర్జీ టైపు చేసుకుని సంచిలో పెట్టుకుని నందిగామ బస్సెక్కాను. ఆయన బాగా చిక్కిపోయారు. గొంతు మాత్రం అలాగే ఉంది. అర్జీ చదివి, "బాగా రాశారు. అడిగే హక్కు మీకుంది, ఇస్తారు కూడా" అన్నారు.

"మీరైతే ఏం చేస్తారండి?" అని అడిగాను.

"నా రికార్డులోనూ ఆ కేసు తాలూకు ఒకటుంది. నేను తీసేయమనలేదు. కానీ అది నా సంగతి. మీకు పిల్లలున్నారు, ముందుకు వెళ్ళాల్సిన ఉద్యోగం ఉంది. మీరు అడిగితే తప్పు పట్టేవాడు ఎవడూ లేడు." అర్జీ తిరిగి నా చేతికిచ్చి, "నేను ఇది చెయ్యండి అంటే తీర్పు చెప్పినట్టవుతుంది. ఇప్పుడు నేను జడ్జిని కాదు గదండీ" అని నవ్వారు. కూతురు టీ తెచ్చింది. చీకటి పడకముందే బయల్దేరమని తానే బస్టాండు దాకా నడిచి వచ్చారు. దారిలో వెంకటప్పయ్య గారి క్షేమం అడిగారు, చెవి మిషను పెట్టుకున్నారా లేదా అని అడిగారు. ఆయన్ని చూడడం అదే ఆఖరు. ఆ మరుసటి ఏడు పోయారు. కబురు నాకు ఆలస్యంగా అందింది.

ఆ అర్జీ నేను ఇవ్వలేదు. గొప్ప కోసం కాదు. బస్సులో కూర్చుని ఆలోచిస్తే, ఆ ఎర్ర సిరా వాక్యం పోతే పోయేది నా తప్పు ఒక్కటే కాదనిపించింది. ఆయన నన్ను ఆపిన చెయ్యి, కోటమ్మ జరిగి ఇచ్చిన చోటు, పెన్ను పుచ్చుకోకుండా నేనన్న మాట, అన్నీ ఆ వాక్యం కిందే ఉన్నాయి. ప్రమోషన్ ఏడాదిన్నర ఆలస్యమైంది. వచ్చింది.

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళకు షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు పెద్దగా అక్కర్లేదు, కంప్యూటర్లు వచ్చాయి. అయినా ఎవరైనా కొత్తగా చేరితే మొదటి రోజు నా సర్వీసు రిజిస్టరు తెప్పించి ఆ పేజీ వాళ్ళ ముందు తెరుస్తాను. చాలామంది ఇబ్బందిపడి కళ్ళు దించుకుంటారు. కిందటి నెల మైలవరం నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. మనుషులు అటూ ఇటూ తిరుగుతున్న ఆఫీసులో నా బల్ల ముందు నిలబడి, ఎర్ర సిరా వాక్యం చూసి, నా పరువు కాపాడాలని కాబోలు, గొంతు బాగా తగ్గించి గొణుగుతున్నట్టు చదవబోయింది.

"గట్టిగానే చదవమ్మా" అన్నాను.